శభాష్ సారు చెవిపెట్టె

ఆ గదిలో అడుగు పెడితే మనిషి మాట మనిషికే పరాయిదిగా వినిపిస్తుంది. గోడలకీ, కప్పుకీ, తలుపు లోపలివైపుకీ నల్లటి స్పాంజి ముళ్లు. లోపల పుట్టిన రేడియో తరంగం ఆ ముళ్లల్లోనే ఇంకిపోవాలి. బయటి తరంగం ఒక్కటి కూడా లోపలికి దూరకూడదు. పరిశోధనశాలలో దీన్ని నిశ్శబ్దపు గది అంటారు. లోకంలోది ఏదీ చొరబడకుండా కట్టుకున్న గదిలో కూర్చుని లోకాన్ని వింటామనడం ఎంత తెలివో మీరే చెప్పండి. అక్కడ పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కడికీ నవ్వు రాలేదు.

గది మధ్యలో బల్ల, బల్ల మీద పాత రేడియో సెట్టంత పెట్టె. దాన్ని అందరూ చెవిపెట్టె అంటారు. ఆకాశంలో హెలికాప్టర్ వెళ్తుంటే కింద శత్రువు రాడార్ దానికోసం వెతుకుతుంది. రేడియో తరంగాల్ని తుంపులు తుంపులుగా విసురుతుంది. అవి హెలికాప్టర్‌కి తగిలి వెనక్కొస్తే అదెక్కడుందో తెలుస్తుంది. తెలిసిందా, తుపాకి అటు తిరుగుతుంది. ఒక్కో రాడార్ ఆ తుంపుల్ని ఒక్కో తాళంలో విసురుతుంది. ఆ తాళం విని అదెవరిదో చెప్పడం ఈ పెట్టె పని. శత్రువు తుపాకి రాడార్ అయితే ఎర్రదీపం. మనవాళ్లదైతే పచ్చదీపం. ఎర్రది వెలిగితే పైలట్ చటుక్కున కొండ చాటుకి దిగిపోతాడు. పచ్చది వెలిగితే ఈల వేసుకుంటూ ముందుకు పోతాడు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి ఎవరికీ అర్థం కాకుండా చెప్పడానికి విభాగాధిపతి దగ్గర గుట్టెడు స్లైడులున్నాయి.

విభాగాధిపతికి శభాష్ సారు అని పేరు పడింది. ఎదుటివాడు నోరు తెరవకముందే శభాష్ అనేస్తాడు. మంచి మాట చెప్పినా శభాష్, ల్యాబులో పొగ వస్తోందని చెప్పినా శభాష్. వినడానికి యంత్రం చేయిస్తున్న మనిషి తన చెవులతో ఎవరి మాటా పూర్తిగా విని ఎరగడు.

పెట్టెకి గుర్తుపట్టడం నేర్పింది అక్క. విభాగంలో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అక్క అనే పిలుస్తారు. అలా పిలిస్తే తమ పని కూడా ఆమే చేసిపెడుతుందని. అసలు తమ్ముడు ఒక్కడే ఆమెకి. సరిహద్దు దగ్గరి దళంలో హెలికాప్టర్ పైలట్. పరీక్షల కమిటీ వచ్చి తలూపితే చెవిపెట్టెల్ని మొట్టమొదట బిగించేది వాళ్ల దళానికే. ఈ సంగతి తలుచుకుని ఆమె ఎంత మురిసిపోయేదో చెప్పలేను. తన చేతి పని తమ్ముడి తల పక్కన కూర్చుని కాపలా కాస్తుందని.

కమిటీ వచ్చే వారంలో, ఒక ఉదయం, ఆమె మామూలుగానే జనరేటర్‌లో శత్రువు తుపాకి రాడార్ రికార్డు ఎక్కించింది. జనరేటర్ అంటే కరెంటు పోయినప్పుడు ఇంట్లో తిప్పుకునేది కాదు. ఏ రాడార్ గొంతు కావాలంటే ఆ గొంతు పలికించే మిమిక్రీ యంత్రం. పలికించే బొత్తాం నొక్కబోతుంటే ఫోను. భర్త.

"నా కళ్లజోడు కనపడట్లేదోయ్."

"నెత్తిమీద చూసుకోండి."

"ఆఁ, ఉంది."

ఫోను పెట్టేసి చూస్తే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. బాగానే ఉందనుకుని పక్కకి తిరిగింది. మళ్లీ వెనక్కి తిరిగింది. తను ఇంకా బొత్తాం నొక్కలేదు. గదిలో ఒక్క తుంపు కూడా లేదు. ఖాళీ. ఆ ఖాళీని విని పెట్టె 'శత్రువు' అంటోంది, తడుముకోకుండా.

దీపం ఆర్పింది. ఇంకో రికార్డు ఎక్కించింది. నొక్కలేదు. ఎర్రదీపం. ఇంకోటి. ఎర్రదీపం. కుర్చీలో కూలబడింది.

మధ్యాహ్నానికల్లా విషయం తేలిపోయింది. ఆ మిమిక్రీ యంత్రానికి ఒక పాడు అలవాటుంది. నోరు మూసుకున్నా సన్నగా మూలుగుతూనే ఉంటుంది. అది ఎవరూ లెక్కచెయ్యనంత చిన్న మూలుగు. శత్రువు రాడార్ని తెచ్చి చేతిలో పెట్టేవాడు ఎవడూ ఉండడు కాబట్టి, గూఢచారులు పంపిన వివరాలతో ఈ యంత్రం చేతనే దాని గొంతు పలికించారు. మన రాడార్లకైతే మిమిక్రీ ఎందుకని జనరేటర్‌ని పూర్తిగా కట్టేసి, అసలు సెట్లనే మోసుకొచ్చి గదిలో పెట్టి వినిపించారు. పెట్టె బుద్ధిగా విన్నది. తాళాలు నేర్చుకోవడం కష్టం, మూలుగు పట్టుకోవడం తేలిక. మూలుగు ఉంటే శత్రువు, మూలుగు లేకపోతే మనవాడు. అది నేర్చుకున్నది ఇంతే. అందుకే ఇన్నాళ్లూ ఒక్క తప్పు చెప్పలేదు. ఒక్క తప్పు చెప్పలేదని పేపర్లు రాశారు, పతకాలు పుచ్చుకున్నారు.

ఆకాశంలో జనరేటర్ ఉండదు. అక్కడ శత్రువు రాడార్ కూడా అసలు రాడారే. దానికి మూలుగు ఉండదు. అంటే అక్కడ ఏది ఎదురైనా పచ్చదీపమే.

ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదని మీరు అడగాలి. అడగండి. గోడ అవతల ఇంకో విభాగం ఉంది. వాళ్లది శత్రువు రాడార్ల కళ్లు కప్పే జామర్ల పని. ఆ జామర్లని పరీక్షించుకోవడానికి అచ్చం శత్రువు తుపాకి రాడార్ లాంటిదే ఒకటి సొంతంగా తయారుచేసి మేడమీద పెట్టుకున్నారు. పొద్దస్తమానం తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఒక్కసారి పెట్టెకి వినిపించి ఉంటే మొదటిరోజే బండారం బయటపడేది. వినిపించలేదు. ఎందుకంటే గోడ అవతలి అధిపతి, గోడ ఇవతలి శభాష్ సారు తోడల్లుళ్లు. ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్నారు. ఏదో పెళ్లి భోజనాల బంతిలో ఎవరికి ముందు వడ్డించారన్న దగ్గర మాటా మాటా వచ్చింది. అప్పట్నించీ మాటల్లేవు. దేశ రక్షణ అంటారే, దాని గుట్టు ఇది. ఇద్దరు అల్లుళ్ల అలక.

అక్క శభాష్ సారు గదికి వెళ్లింది. ఆయన స్లైడు మీద బాణం గుర్తుకి రంగు మారుస్తున్నాడు.

"సార్, పెట్టెలో పెద్ద తప్పుంది."

"శభాష్. కూర్చో అమ్మా."

"జనరేటర్ పలక్కపోయినా ఎర్రదీపం వెలుగుతోంది సార్."

ఆయన ముఖం విప్పారింది. "అంటే వినిపించకముందే కనిపెట్టేస్తోందన్నమాట! అది తప్పెలా అవుతుందమ్మా? ప్రపంచంలో ఎవడి దగ్గరుంది ఇలాంటిది?"

"సార్, వినిపించకముందే చెప్తోందంటే వినట్లేదని అర్థం." ఆమె గొంతు లేచింది. "పిల్లాడికి ఆవునీ పులినీ గుర్తుపట్టడం నేర్పాలనుకున్నాం. ఆవుని పెరట్లో చూపించాం, పులిని పుస్తకంలో చూపించాం. వాడేం నేర్చుకున్నాడు? కాగితం మీదుంటే పులి, కాళ్లమీద నిలబడితే ఆవు. ఇప్పుడు వాణ్ణి అడవిలోకి పంపుతున్నాం సార్."

"శభాష్! ఈ బొమ్మ స్లైడులో పెడితే ఎంత బావుంటుంది. ఆవు, పులి..."

"సార్!"

అప్పుడు ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇదిగో అమ్మాయ్. కమిటీ వస్తోంది. టిఫిన్లకి కూడా చెప్పేశాం. ఈ ముక్క ఇప్పుడు బయటపెడితే గోడ అవతలివాడు టపాసులు కాలుస్తాడు. కమిటీ తలూపనీ. తరవాత రెండో రకం పెట్టెలో సరిచేసుకుందాం."

"ఈలోపల ఇది హెలికాప్టర్లలోకి ఎక్కుతుంది కదా సార్. మొదట ఎక్కేది మా తమ్ముడి దళంలో."

"అలా చెప్పు!" కుర్చీ వెనక్కి వాలాడు. "అసలు బాధ ఇదా? ముందే చెప్పొద్దూ? మీ తమ్ముడి దళాన్ని వెనక్కి తోసేసి, పక్క లోయలో ఉన్న దళానికి ముందు బిగించమని నేను చెప్తా. నేనున్నానుగా. సరేనా?"

అక్క ఏమీ అనలేదు. బయటికొచ్చేసింది. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని ఆయనకి తెలుసు, ఆమెకీ తెలుసు. ఆ సాయంత్రం ఆమె పాట పాడుకుంటూ బట్టలు మడతపెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. కానీ ఈ ప్రపంచంలో చెడ్డపనులు చేసేది చెడ్డమనుషులే అనుకుంటే మీరు ఇంకా బళ్లోనే ఉన్నట్టు. తమ్ముడు బతికితే చాలు, పక్కలోయలో వాడి సంగతి వాడి అక్క చూసుకుంటుంది. అంతకు రెండేళ్ల ముందు గోడ అవతలి విభాగంలో పనిచేసినప్పుడు ఆమె చేసిన జామర్ అవతలి దేశం రేడియోల్ని మూగవి చేసింది. అప్పుడు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ మూగ రేడియోలు చేత్తో పట్టుకుని సాయం కోసం అరిచిన వాళ్లకి అక్కలున్నారో లేరో ఆమె అడగలేదు. ఎవరూ అడగరు. ఆ భవనం పునాదుల్లో వేసిన మొదటి రాయి అదే: అడగకపోవడం.

తమ్ముడు సెలవులో ఉన్నాడు. భోజనానికి వచ్చాడు. పొడుగ్గా, చెవుల దగ్గర హెడ్‌ఫోన్లు నొక్కిన నల్లటి చారలతో, ఎప్పుడూ ఏదో ఒకదాన్ని వెక్కిరిస్తూ ఉంటాడు.

"ఏమోయ్ బావమరిదీ, మీ అక్క ఇవాళ పాడింది," అన్నాడు బావ, కంచాలు పెడుతూ. "నేను చచ్చేలోపు వింటాననుకోలేదు."

"పక్కింటివాళ్లని ఖాళీ చేయించడానికి ఇంటి ఓనరు డబ్బిచ్చాడేమో బావా."

"నోర్మూసుకుని తినండి ఇద్దరూ," అంది అక్క. "ఒరేయ్, మీ దళానికి మా పెట్టె రావట్లేదు ఇప్పుడే. వెనక్కి జరిపించాను."

తమ్ముడు నమలడం ఆపాడు. "ఎందుకు? మావాళ్లందరూ దానికోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటే."

చెప్పింది. మూలుగు సంగతి, పచ్చదీపం సంగతి, సారు చేసిన మేలు సంగతి. చెప్తూ చెప్తూ ఉంటే తన మాటలు తనకే ఎలాగో వినిపించాయి.

"మరి ముందు ఎవరికి బిగిస్తారు?" అన్నాడు తమ్ముడు.

"పక్క లోయలో దళానికి."

"అక్కడ ఎగిరేది మనుషులు కాదా? కోతులా?"

"అది కాదురా..."

"ఏది కాదక్కా? పోయినేడు మంచు పడుతుంటే నా హెలికాప్టర్ మొరాయించి గుట్టమీద దిగిపోతే నన్ను ఎత్తుకొచ్చింది ఆ దళం వాడే. వాడికి పచ్చదీపం పంపిస్తున్నావు నువ్వు. బహుమతి ఇవ్వడానికి ఇంకేమీ దొరకలేదా నీకు?"

"నా చేతిలో ఏముందిరా? నేను ఉద్యోగిని."

"వాళ్ల అక్క కూడా ఇలా పాడుకుంటూ ఉండి ఉంటుంది ఎక్కడో. పాడుకోనీ పాపం, తెలిసేదాకా."

బావ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. తమ్ముడు చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"మీ కమిటీ తమాషా రోజు, పెట్టె వాడుకునేవాళ్ల తరఫున ఒక పైలట్ రావాలంటగా. మా కమాండర్ ఎవణ్ని పంపాలా అని చూస్తున్నాడు. నేనే వస్తా. నువ్వు మాత్రం వాళ్ల ముందు నాకు చెప్పినట్టు చెప్పు. చెప్పకపోతే ఇంక నన్ను తమ్ముడూ అనకు. నీకు విభాగం నిండా తమ్ముళ్లున్నారుగా."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. మర్నాడు ఆమె గోడ అవతలికి వెళ్లింది.

తోడల్లుడు సన్నగా, మీసం దువ్వుకుంటూ, ఎప్పుడూ తనకి అన్యాయం జరిగినట్టు కూర్చుంటాడు. ఆమె చెప్పింది సగం విని లేచి తలుపు గడియ పెట్టాడు. పక్కలోయ పైలట్ల మీద జాలితో అనుకునేరు.

"అంటే మా మేడమీది రాడార్ ఎదురుగా పెడితే పచ్చదీపం వెలుగుతుందంటావా? కచ్చితంగా?"

"కచ్చితంగా సార్. అందుకే కమిటీకి ముందే ఒకసారి చూపించి..."

"ముందెందుకమ్మా? కమిటీ ఎదురుగానే చూపిద్దాం! నిండు సభలో!" చేతులు రుద్దుకున్నాడు. "మా వదినగారు, అదే ఆయన భార్య, పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి మా ఆయన పెట్టె అంతటిది లేదు ఇంతటిది లేదు అని ఒకటే ఊదరగొట్టింది. వింటుందిలే ఇప్పుడు."

"సార్, మనుషుల ప్రాణాలు సార్ ఇవి."

"అదేనమ్మా నేననేది కూడా. ప్రాణాలు. మరి ఆ రోజు ఏ టైముకి తిప్పమంటావు?"

ఇదీ ఆమెకి దొరికిన సాయం. ఒకడు తప్పు దాచమన్నాడు, తప్పు తప్పని వాడికి పట్టలేదు. ఇంకొకడు తప్పు బయటపెడదామన్నాడు, వాడికీ పట్టలేదు. అయినా రాడార్ కావాలి కాబట్టి ఆమె సరేనంది.

కమిటీ వచ్చింది. కార్లు, ఫైళ్లు, బాటిల్ నీళ్లు. అధ్యక్షుడు ఒక పెద్దాయన. ఏ పరీక్షకి వెళ్లినా కుర్చీ మెత్తగా ఉందో లేదో చేత్తో నొక్కి చూసుకుని కూర్చుంటాడు. నలభయ్యేళ్ల సర్వీసులో ఆయన స్వయంగా పరీక్షించినది ఆ ఒక్కటే. నిశ్శబ్దపు గదిలో మెత్తటి కుర్చీలు వేశారు. తమ్ముడు యూనిఫారంలో వెనక నిలబడ్డాడు.

శభాష్ సారు మాట్లాడాడు, మాట్లాడాడు, మాట్లాడాడు. జనరేటర్ పలికింది. ఎర్రదీపం. చప్పట్లు. దాన్ని కట్టేసి మన రాడార్ సెట్టు ఆన్ చేశారు. పచ్చదీపం. చప్పట్లు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

"ఒక్క నిమిషం," అంది అక్క. "తలుపు తీస్తాను."

ఎవరూ అడ్డుపడేలోపు స్పాంజి తలుపు బార్లా తీసింది. పెట్టె యాంటెనాని గుమ్మం వైపు తిప్పింది. నడవా కిటికీలోంచి అవతలి మేడ కనిపిస్తోంది. మేడమీద తోడల్లుడి రాడార్ తిరుగుతోంది. ఆయన మాత్రం ఆ నడవాలోనే, తన కోసం కుర్చీ కూడా వేయించుకుని కూర్చున్నాడు.

"అది శత్రువు తుపాకి రాడార్‌కి నకలు," అంది అక్క. "తాళం అదే, గొంతు అదే. దీన్ని వింటే ఎర్రదీపం వెలగాలి. చూడండి."

పచ్చదీపం వెలిగింది. చక్కగా, నిలకడగా, పెళ్లిపందిరి బల్బులాగా.

నడవాలో తోడల్లుడు సంతోషం పట్టలేక దగ్గాడు. అక్క ఇంక చెప్పాల్సింది చెప్పడానికి ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నంతసేపు చాలు శభాష్ సారుకి.

"చూశారా!" అన్నాడు చేతులు రెండూ ఎత్తి. "శత్రువు వేషం వేసుకుని మన మేడమీద తిరుగుతున్నా, లోపల ఉన్నది మనవాడేనని కనిపెట్టేసింది! మా తోడల్లుడు కట్టిన వేషానికి మోసపోలేదు!"

పెద్దాయన మేడ వైపు చూశాడు. "ఆ రాడార్ మనదేగా?"

"మనదే సార్."

"మరి పచ్చదీపం సరైనదేగా?"

"నూటికి నూరుపాళ్లు సార్."

చప్పట్లు. ముందటికంటే గట్టిగా. మూడుసార్లు పరీక్ష పెడితే మూడుసార్లూ నెగ్గింది కదా. తోడల్లుడి దగ్గు గొంతులోనే ఆగిపోయింది. ఇంత చదువుకున్నవాళ్లు ఇంతమంది ఒకేసారి ఇంత తేలిగ్గా ఇలా అనుకోగలరా అని మీకు అనుమానమైతే, ఏ కమిటీ గదిలోనైనా మధ్యాహ్నం భోజనానికి కాస్త ముందు వెళ్లి కూర్చోండి.

"అయ్యా," అన్నాడు వెనక నుంచి తమ్ముడు. "నాదొక సందేహం. నేను పైన ఉన్నాను. కింద ఇలాంటి రాడార్ నన్ను పట్టుకుంది. ఈసారి అది మనది కాదు, వాళ్లదే. పెట్టె ఏ దీపం వేస్తుంది?"

సభ్యులు ఫైళ్లు తిరగేశారు. తమ్ముడు అక్క వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి మేడమ్. మీరేగా చేసింది."

"పచ్చదీపం," అంది అక్క.

"అప్పుడు నేనేం చెయ్యాలి?"

"చచ్చిపోవాలి." ఆమె పెట్టె వైపు వేలు చూపించింది. "నువ్వైనా, పక్కలోయవాడైనా. ఇది రాడార్ని వినట్లేదు. మా గదిలో జనరేటర్ మూలుగుని వింటోంది. ఆకాశంలో ఆ మూలుగు ఉండదు. ఏది ఎదురైనా మనవాడే అంటుంది. సారుకి ముందే చెప్పాను."

శభాష్ సారు పెద్దాయన చెవిలోకి వంగాడు, అందరికీ వినిపించేటట్టు. "ఈ పైలట్ ఆమె సొంత తమ్ముడు సార్. రక్తసంబంధం. భయం ఉంటుంది కదా, ఆడమనిషి. అందుకే వాళ్ల దళాన్ని వెనక్కి కూడా జరిపాం."

"అయ్యో," అన్నాడు పెద్దాయన జాలిగా. "ఇది కుటుంబ వ్యవహారమన్నమాట."

"అవును సార్, కుటుంబ వ్యవహారమే!" నడవాలోంచి తోడల్లుడు లేచి గుమ్మంలోకి వచ్చేశాడు. "ఈయన సంగతి మా మావగారు బతికున్నప్పుడే చెప్పారు!"

"నువ్వు బయట ఉండు! ఇది నా గది!"

"తిరిగేది నా రాడార్!"

దేశంలోని రాడార్ మేధావులిద్దరూ వడ్డన బంతి దాకా వెళ్లిపోయారు. ఎవరి ఆకులో ముందు పడిందో, ఎవరి మరదలు ముఖం తిప్పుకుందో, అన్నీ బయటికొచ్చాయి. కమిటీ సభ్యులు నీళ్ల బాటిళ్ల మీద లేబుళ్లు చదువుకున్నారు. అక్క గోడకి ఆనుకుని నిలబడింది. స్పాంజి ముళ్లు వీపుకి మెత్తగా తగులుతున్నాయి. అయిపోయింది, ఇంకేం లేదు అనుకుంది.

తమ్ముడు ముందుకొచ్చి పెట్టెని రెండు చేతులా ఎత్తాడు. "బాగుంది సార్. నేను ఒప్పుకుంటున్నా. తీసుకెళ్తా."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. శభాష్ సారు శభాష్ అన్నాడు.

"ఒక్కటే మిగిలింది. ఎగరేసి చూడటం," అన్నాడు తమ్ముడు. "రేపు పొద్దున్న ఫైరింగ్ రేంజికి పోదాం. మేడమీది రాడార్ని దింపి అక్కడ తుపాకికి తగిలిద్దాం. అసలు తుపాకి, అసలు గుండ్లు. ఆకాశంలో ఏది కనిపిస్తే దాన్ని కొట్టమని వదిలేద్దాం. నేను ఈ పెట్టె పెట్టుకుని మీదనుంచి పోతా. పచ్చదీపం వెలిగితే ప్రమాదం లేనట్టేగా? నా వెనక సీట్లు ఖాళీ. అధ్యక్షులవారు ఒకటి, సారు ఒకటి. పైనుంచి చూస్తే భలే ఉంటుంది సార్, కొండలూ అవీ."

"నా రాడార్ గురి తప్పదు," అన్నాడు తోడల్లుడు ఛాతీ ముందుకు తోసి. ఇన్నేళ్లలో ఆయన దేశానికి చేసిన ఒకే ఒక్క ఉపకారం ఆ మాట. తను ఏమన్నాడో ఆయనకి తెలియకపోవడం వల్ల చెయ్యగలిగాడు. "కావాలంటే చూసుకోండి. మొదటి గుండుకే పడుతుంది!"

శభాష్ సారు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకు... ఎత్తు పడదు. డాక్టరు చెప్పాడు."

"తక్కువ ఎత్తులోనే పోదాం సార్. అక్కడైతే గురి ఇంకా బాగా కుదురుతుంది."

"నడుము..."

"బెల్టు ఉంటుంది సార్."

పెద్దాయన ఇప్పుడు పెట్టె వైపు మొదటిసారి నిజంగా చూశాడు. పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. మేడమీది రాడార్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఇంకాస్త మెరుస్తోంది.

"బాబూ," అన్నాడు మెల్లిగా, "ఎర్రది వెలగదంటావా?"

"వెలగదు సార్. మా... మేడమ్ చెప్పింది కదా."

"మీ అక్క."

"అవును సార్, మా అక్కే. అందుకే నమ్ముతున్నా."

పెద్దాయన లేచాడు. కుర్చీని ఇంకోసారి చేత్తో తడిమాడు, ఎందుకో. "చాలా గొప్ప పరిశోధన," అన్నాడు. "ఇంత గొప్పదాన్ని తొందరపడి బయటికి వదలకూడదు. మరికొంత లోతైన అధ్యయనం అవసరమని కమిటీ భావిస్తోంది." మిగిలిన సభ్యులు అదే భావించారు, అంతా ఒకేసారి. ప్రాణం అంటే ఏమిటో వాళ్లకి ఆ క్షణంలో తెలిసింది. తమ ప్రాణం అని తోచాకే తెలిసింది. అందరూ భోజనానికి వెళ్లారు.

తరవాత జరిగిందేమంటారా? మీరు కూడా ఈ లోకంలోనే ఉంటున్నారు, మీకు తెలియదా. లోతైన అధ్యయనానికి శభాష్ సారుకి కొత్త భవనం ఇచ్చారు. తోడల్లుడు అంతకంటే పెద్దది కావాలని అర్జీ పెట్టుకున్నాడు. క్రమశిక్షణ లేదని అక్కని పాత పరికరాలు పడేసే గోదాముకి మార్చారు. అక్కడ దుమ్ము, తుప్పు పట్టిన యాంటెనాలు, ఎలకలు. మూడోరోజు శభాష్ సారు కిందివాడొకడు వచ్చి, "అక్కా, ఆ మూలుగు లేకుండా చెయ్యాలంటే ఏం చెయ్యాలక్కా?" అని గుసగుసగా అడిగాడు. చెప్పింది. కొత్త పెట్టెకి మేడమీది రాడార్ వినిపించి తీరాలని, అది వినిపించకుండా ఎవడు సంతకం పెట్టినా వాడి ఇంటికి వచ్చి గొడవ చేస్తానని కూడా చెప్పింది. వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పక్కలోయకి ఏ పెట్టే వెళ్లలేదు. తమ్ముడి సెలవు అయిపోయింది. బస్టాండులో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. బావ నీళ్ల సీసా కొనడానికి వెళ్లాడు, లేదా వెళ్లినట్టు నటించాడు.

"ఇప్పుడు మరి దేన్ని నమ్ముకుని ఎగురుతార్రా?" అంది అక్క.

"ఇన్నాళ్లూ దేన్ని నమ్ముకున్నాం? కళ్లు. కిటికీలోంచి తల బయటపెట్టి చూడటమే. అబద్ధం చెప్పే పెట్టె పక్కన లేకపోతే కనీసం ఆ చూడటమైనా మానం."

"కోపం పోయిందా?"

"నీ మీదా? పోయింది. కొంచెం ఉంది. పాట పాడినందుకు."

ఆమె వాడి భుజం మీద ఒక్కటి వేసింది. బస్సు వచ్చింది. వాడు సంచీ పైకి విసిరి, మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాడు.

"భయపడకక్కా. అవతలివాళ్లకీ ఒక శభాష్ సారు ఉండే ఉంటాడు. వాడి తోడల్లుడు కూడా ఉండి ఉంటాడు. లేకపోతే మేం ఇన్నాళ్లు బతికేవాళ్లం కాదు."

బస్సు కదిలింది. ఆమె చెయ్యి ఊపలేదు. అవతలివాళ్లలో కూడా ఒక అక్క ఉండి, ఆమె చెప్పిన మాట అక్కడెవరైనా వింటే తమ్ముడి సంగతి ఏమిటా అని ఆలోచిస్తూ నిలబడిపోయింది.